గింజ పడిందో లేదో కనిపించని చెర్రీ పిట్టర్ మనకెందుకు?

చెర్రీల గింజలు తీసే పనిముట్లు, అంటే పిట్టర్లు, అమ్మేవాళ్లందరిదీ ఒకటే పాట. ఒక్క నొక్కుకి 6 పళ్లు, నిమిషాల్లో గిన్నె నిండిపోతుంది, చేతికి మరక అంటదు. వాళ్ల వీడియోల్లో చెర్రీలు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి. అన్నీ ఒకే సైజు, అన్నీ గట్టివి, అన్నీ బుద్ధిగా నిటారుగా కూర్చుంటాయి. ఆ 6 పళ్లలోంచి 6 గింజలూ పడ్డాయా అన్నది మాత్రం ఎవరూ చూపించరు. నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. ఈ పనిముట్టుకి ఉన్నదే ఒక్క పని. ఆ పని అయిందో లేదో కనిపించకుండా కింద డబ్బా బిగించేసి, వేగం గురించి గొప్పలు చెప్పుకోవడం ఏమిటి?

గింజ ఉందని తెలిసి తినేటప్పుడు మన నోరు జాగ్రత్తగానే ఉంటుంది. పళ్లు గట్టిగా దిగవు, నాలుక ముందే గింజని పక్కకి నెట్టేస్తుంది. గింజ తీసేశాం అని చెప్పి పెట్టిన చెర్రీని మాత్రం ఎవరైనా నమ్మి కొరుకుతారు. కేకులో ఉన్నదైతే ఇక అనుమానమే రాదు. అప్పుడు పంటి కింద గింజ పడితే ఫిల్లింగ్ ఊడొచ్చు, క్యాప్ పగలొచ్చు, మంచి పన్నే చిట్లొచ్చు. అందుకే 100కి 95 గింజలు తీసే పిట్టర్‌ని నేను మంచి పిట్టర్ అనను. మిగిలిన 5 ఏ పళ్లలో ఉండిపోయాయో తెలియకపోతే గిన్నె మొత్తం మళ్లీ చేత్తో వెతుక్కోవాల్సిందే. ఇక ఆదా అయిన టైమ్ ఎక్కడుంది?

ఇది ఇంటి పిట్టర్ల గోల మాత్రమే కాదు. పెద్ద పెద్ద మెషీన్లున్న ఫ్యాక్టరీల్లో కూడా కొన్ని గింజలు తప్పించుకుంటాయి. అమెరికాలో క్యాన్డ్ చెర్రీలకి ఉన్న ప్రమాణమే 20 ఔన్సులకి, అంటే దాదాపు 567 గ్రాములకి, ఒక గింజ దాకా ఒప్పుకుంటుంది. గింజ తీసినవి అని పెద్దగా రాసిన ప్యాకెట్ల మీద, అక్కడక్కడా గింజలు ఉండొచ్చు అనే హెచ్చరిక కూడా తరచూ కనిపిస్తుంది. వాళ్లు కనీసం ఆ మాట ఒప్పుకుంటున్నారు. చేతిలో పట్టుకునే ప్లాస్టిక్ పనిముట్టు అమ్మేవాళ్లకి మాత్రం ఒక్క గింజా తప్పదన్న ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో నాకర్థం కాదు.

లోపల జరిగేది చూస్తే విషయం తేలిపోతుంది. ఏ పిట్టర్ అయినా పద్ధతి ఒకటే. గుంటలో చెర్రీ కూర్చుంటుంది, పైనుంచి కడ్డీ దిగుతుంది, కింది రంధ్రంలోంచి గింజ పడుతుంది. కానీ చెర్రీ గింజ నున్నగా, గుండ్రంగా, రసంలో తడిసి ఉంటుంది. కడ్డీ దాని నడినెత్తిన దిగితేనే అది కిందికి కదులుతుంది. కాస్త పక్కకి తగిలిందా, జారిపోయి కడ్డీ గింజ పక్కనుంచి దూసుకుపోతుంది. అలాంటి పండుని చేతిలోకి తీసుకుని చూడండి. పైన చిల్లు ఉంటుంది, కిందా చిల్లు ఉంటుంది, చూడ్డానికి పని పూర్తయినట్టే ఉంటుంది. వేలితో నొక్కితే మాత్రం ఒక పక్క కండలో గింజ గట్టిగా తగులుతుంది. చిల్లు పడింది కదా అని నమ్మి గిన్నెలో వేసేసేవి ఇవే.

కాబట్టి తొడిమ లాగేసిన చోటు సరిగ్గా పైకి, కడ్డీ కిందకి వచ్చేలా పెట్టాలి. పండు అడ్డంగా ఒరిగిందంటే గురి తప్పినట్టే. కడ్డీ కొన కూడా కొనేముందే చూసుకోండి. సూదిగా ఉన్నది గింజ మీద నిలవదు. ప్లస్ గుర్తు ఆకారంలో ఉన్నది గానీ, కొనలో చిన్న గుంట ఉన్నది గానీ అయితే గింజని పట్టి నెడుతుంది.

ఇప్పుడు ఒకేసారి 6 తీసే పిట్టర్ సంగతి. ఒక్కో చెర్రీ 8 గ్రాములనుకుంటే కిలోకి 125 పళ్లు. 6 చొప్పున అయితే 21 నొక్కులు చాలు. ఈ లెక్క చూసే అందరూ కొంటారు. ఆ 125 పళ్లనీ ఒక్కొక్కటిగా తొడిమ చోటు పైకి వచ్చేలా గుంటల్లో సర్దాలి కదా, ఆ పని ఎవరు లెక్కలో వేశారు? టైమ్ అంతా పోయేది సర్దడంలోనే. నొక్కడం క్షణం పని. టైమ్ మిగలాలని పళ్లని ఎలా పడితే అలా గుంటల్లో పోస్తే ఒరిగినవాటిల్లో గింజలు ఉండిపోతాయి. ఇంకో మాట, 6 గుంటలూ ఒకే కొలతలో ఉంటాయి, కానీ చెర్రీలు అలా ఉండవు. అమ్మకానికి వచ్చే తియ్యటి చెర్రీల అడ్డుకొలత సుమారు 21 మిల్లీమీటర్ల నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. పెద్దది చిన్న గుంటలో ఇరుక్కుని చితుకుతుంది, చిన్నది పెద్ద గుంటలో పక్కకి వాలిపోతుంది. మరి 6 కడ్డీలూ 6 గింజల నడినెత్తిన ఎలా పడతాయి?

పైన పళ్లు పోసి, మీట నొక్కితే ఒక్కోటి జారి వచ్చే బల్ల మీది పిట్టర్ల మీద నాకు ఇంత కోపం లేదు. జామ్ కోసం కిలోలకి కిలోలు తీసేవాళ్లకి అవి అవసరమే. తియ్యటి వాటికన్నా చిన్నగా, మెత్తగా ఉండే పుల్ల చెర్రీలతో బాగానే నడుస్తాయి. కానీ పండు ఎటు తిరిగి జారుతుందో మన చేతిలో ఉండదు, కాబట్టి కొన్ని తప్పిపోతాయని ముందే అనుకుని దిగాలి. తీసిన పళ్లని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, వేళ్లతో ఒక్కో పండూ తడిమి చూడాలి. ఆ ఓపిక లేనివాళ్లు దాని జోలికి పోవద్దు.

నన్నడిగితే ఇంట్లో వాడకానికి ఒక్కో పండు తీసే, కత్తెరలా పట్టుకుని నొక్కే పిట్టరే మేలు. అదీ కింద ఏ డబ్బా లేకుండా తెరిచి ఉన్నది. గింజ పడటం కంటికి కనిపిస్తుంది. అంతకన్నా ముందు చేతికి తెలుస్తుంది. పిడి నొక్కుతుంటే మొదట మెత్తగా దిగుతుంది, గింజ తగిలినచోట ఒక్క క్షణం ఆగినట్టవుతుంది, ఆ తర్వాత టప్పున వదులుతుంది. ఆ ఆగడం, వదలడం లేకుండా నున్నగా దిగిపోయిందంటే కడ్డీ గింజని తప్పించుకుని వెళ్లిందన్నమాట. అలాంటప్పుడు పండుని కాస్త తిప్పి మళ్లీ నొక్కితే సరిపోతుంది. 6 కడ్డీలు కలిపి నొక్కేటప్పుడు ఈ తేడా చేతికి అందదు. నెమ్మది పనిముట్టు అని దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, మళ్లీ వెతుక్కోవాల్సిన పని తప్పిస్తున్నది ఇదొక్కటే.

అసలు పిట్టరే కొనక్కర్లేని సందర్భాలు కూడా చాలా ఉన్నాయి. సలాడ్‌లోకో కేక్ పిండిలోకో ముక్కలే కావాలంటే చిన్న కత్తి చాలు. పండు మీద కనిపించే సన్నటి గీత వెంట గింజ దాకా కోసి, రెండు సగాలనీ ఎదురెదురుగా తిప్పితే విడిపోతాయి. గింజ కళ్లెదుటే ఉంటుంది, అనుమానానికి తావే లేదు. పండు ఆకారం చెడకుండా కావాలంటే హెయిర్‌పిన్ వంపుని తొడిమ చోటు నుంచి లోపలికి పోనిచ్చి, గింజ కిందికి తెచ్చి, పైకి ఎత్తడమే. మెత్తటి పళ్లలో ఇది హాయిగా వస్తుంది, గట్టి తియ్యటి చెర్రీల్లో మాత్రం కండ చిరుగుతుంది. చాప్‌స్టిక్, సీసా పద్ధతి అందరికీ తెలిసిందే. సీసా మూతి మీద పండు పెట్టి పైనుంచి పొడిస్తే గింజ సీసాలో పడుతుంది. పారదర్శకంగా ఉన్న సీసా అయితే పడిన గింజలు కనిపిస్తాయి కూడా. పండు పట్టుకున్న చేయి మాత్రం జాగ్రత్త, చాప్‌స్టిక్ జారితే నేరుగా అరచేతిలోకి దిగుతుంది.

ఏ పద్ధతైనా పళ్లు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కండ గట్టిపడి రసం తక్కువ చిమ్ముతుంది. బాగా ముగ్గిపోయినవాటికి పిట్టర్ వాడొద్దు, చితికిపోతాయి. ఫ్రీజర్‌లో దాచాలనుకుంటే గింజలు ముందే తీసేయండి. గడ్డకట్టాక కడ్డీ దిగదు, కరిగాక పండు చేతిలో నిలవదు. రసం చిమ్మకుండా లోతైన గిన్నెలో చెయ్యి పెట్టి నొక్కండి. బట్ట మీద పడితే వెంటనే చల్లనీళ్లతో కడిగి కాస్త వెనిగర్ పట్టించండి. చెర్రీ రంగు క్షారం తగిలితే నీలంగా మారుతుంది, కాబట్టి ముందే సబ్బు రుద్దొద్దు.

గింజలున్న పళ్లని మాత్రం మిక్సీలో వేయొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. గింజ పెంకు వాడిగా ముక్కలవుతుంది, అదొక ప్రమాదం. లోపలి పప్పులో అమిగ్డాలిన్ అనే పదార్థం ఉంటుంది, అది నలిగినప్పుడు సైనైడ్ విడుదలవుతుంది. పొరపాటున ఒక గింజ మింగేస్తే టెన్షన్ పడక్కర్లేదు, పగలని గింజ సాధారణంగా అలాగే బయటికి పోతుంది. నమిలినా, నూరినా కథ వేరు. చిన్నపిల్లలకైతే గింజ తీసిన చెర్రీని కూడా అలాగే గుండ్రంగా ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడుతుంది. నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. అలా కోసేటప్పుడు గింజ ఉందేమో కూడా తెలిసిపోతుంది.

వేళ్ల నొప్పులు, కీళ్ల వాపులు ఉన్నవాళ్ల గురించి ఈ పనిముట్లు చేసేవాళ్లు ఆలోచించినట్టే ఉండదు. 125 సార్లు పిడి బిగించి నొక్కడం వాళ్లకి నరకం. పిడి పొడుగ్గా ఉంటే అదే పనికి తక్కువ బలం సరిపోతుంది. బల్ల మీద పెట్టి అరచేత్తో కిందికి నొక్కేది అయితే ఇంకా నయం, వేళ్లు బిగించక్కర్లేదు. స్ప్రింగ్ దగ్గర కడగడానికి వీలుందో లేదో కూడా చూసుకోండి, రసం అక్కడే ఎండి జిగురులా పట్టేస్తుంది, ఇక కడ్డీ సాఫీగా ఆడదు.

తయారుచేసేవాళ్లని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఒక్క నొక్కుకి ఎన్ని పళ్లో అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు కదా, దాని పక్కనే గుంట కొలత మిల్లీమీటర్లలో వేయండి, మా పళ్లకి సరిపోతుందో లేదో మేమే చూసుకుంటాం. కింద డబ్బా పెట్టి తీరాలనుకుంటే పారదర్శకంగా పెట్టండి. 6 పళ్లు తీసేదైతే ఆ డబ్బాలో 6 అరలు చెయ్యండి, ఏ అరలో గింజ పడలేదో ఆ పండుని అక్కడికక్కడే పక్కకి తీసేస్తాం.