కరువు తీసేస్తే డార్క్ సన్‌లో ఏం మిగులుతుంది?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లకు పాత లోకాలు ఒక్కొక్కటిగా తిరిగొస్తున్నాయి. రేవెన్‌లాఫ్ట్ 2021లో, స్పెల్‌జామర్, డ్రాగన్‌లాన్స్ 2022లో, ప్లేన్‌స్కేప్ 2023లో కొత్త పుస్తకాలయ్యాయి. ఆట పుట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా 2024లో వచ్చిన డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో, ఆటను తయారుచేసినవాళ్లలో ఒకరైన గ్యారీ గైగాక్స్ సొంత లోకం గ్రేహాక్‌కూ చోటు దొరికింది. ఎడారి లోకం డార్క్ సన్‌కు మాత్రం దొరకలేదు. 2014లో ఆట నియమాల ఐదో ఎడిషన్ వచ్చాక పదేళ్లలో దాని పేరుతో ఒక్క సెట్టింగ్ పుస్తకం కూడా వెయ్యలేదు. అనంతపురంలో కూర్చుని ఈ ఆట ఆడే నాలాంటివాళ్లకు ఇది కొంచెం మనసుకు తగులుతుంది. మన ఎండ ఎలా ఉంటుందో తెలిసిన లోకం అదొక్కటే మరి.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. తలపెట్టిన పని నెగ్గుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. కథ జరిగే లోకమే సెట్టింగ్. 1991లో టీఎస్సార్ కంపెనీ ఒక పెట్టెగా తెచ్చిన డార్క్ సన్‌లో ఆ లోకం పేరు అథాస్. అక్కడ అదుపు లేకుండా మంత్రం వేస్తే చుట్టుపక్కల పచ్చదనం బూడిదవుతుంది. తరాల తరబడి అలా వేసీ వేసీ భూమంతా ఎడారి చేసి పెట్టారు. ఇనుము దొరకదు కాబట్టి కత్తులు ఎముకతోనో రాతితోనో చేసుకోవాలి, నాణేలు కూడా మట్టివే. నగరాలను మాంత్రిక రాజులు ఏలుతుంటారు. చావు ఎంత మామూలంటే, ఒక్కో ఆటగాడు నాలుగు పాత్రలు సిద్ధంగా పెట్టుకోవాలని ఆ పెట్టెలోని పుస్తకంలోనే రాశారు.

మరి ఇంత బలమైన లోకాన్ని ఎందుకు పక్కన పెట్టారు? అథాస్ నిండా బానిసత్వం ఉంది. స్పెల్‌జామర్ కొత్త పుస్తకంలో హడోజీ అనే కోతిలాంటి జాతికి బానిసత్వంతో ముడిపెట్టి రాసిన పుట్టుక కథ నల్లజాతివాళ్లను అవమానించే పాత మూసలను గుర్తుచేసిందని 2022లో పెద్ద గొడవైంది. ఇప్పుడు ఈ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ క్షమాపణ చెప్పి ఆ భాగం తీసేసింది. మరుసటేడు ఆ కంపెనీ అధికారి ఒకరు డార్క్ సన్‌ను ఇప్పటి పద్ధతికి తగ్గట్టు తేవడంలో చిక్కులున్నాయని ఇంటర్వ్యూలో చెప్పేశారు. ‘పాతదాన్ని ముట్టుకోవద్దు, అన్నీ సున్నితంగా తయారయ్యాయి’ అని గొణిగే అభిమానులు చాలామందే ఉన్నారు. నేను వాళ్లతో లేను. సీమ అనగానే సుమోలు, వేటకొడవళ్లు చూపించిన సినిమాలను ఏళ్లకేళ్లు భరించినవాళ్లం మనం. హైదరాబాదులో ఊరి పేరు చెప్పగానే ‘బాంబులున్నాయా’ అని నవ్వినవాళ్లు ఇక్కడ ప్రతి ఒక్కరికీ తగిలే ఉంటారు. రేవెన్‌లాఫ్ట్‌లో, యూరప్‌లోని రోమా జాతిని పోలినట్టు రాసిన విస్తానీలను దొంగలుగా, తాగుబోతులుగా చూపిన పాత రాతలు రోమా ప్రజలకు ఎలా తగులుతాయో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2021 పుస్తకంలో వాటిని దిద్దారు, మంచి పనే.

అయితే బానిసత్వం గొడవ రేపు తేలిపోయినా, డార్క్ సన్‌కు అసలు అడ్డం నియమాల్లో ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

2014 నియమాల ప్రకారం మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్లు కావాలి, వేడి ఎక్కువైతే రెండు. అదే నియమాల్లో ఆట మొదలుపెట్టిన రోజే ఒక పూజారి పాత్ర ఒక్క మంత్రంతో పది గ్యాలన్లు పుట్టించగలడు. అంటే దాదాపు 38 లీటర్లు, మండుటెండలో కూడా ఐదుగురికి సరిపోతాయి. అలాంటి మంత్రాలు రోజుకు రెండు, రాత్రి నిద్రపోయి లేస్తే మళ్లీ రెండు. గుడ్‌బెర్రీ అనే ఇంకో మంత్రం పది పళ్లు ఇస్తుంది, ఒక్క పండు తింటే ఆ రోజుకు తిండి అక్కర్లేదు. ఇన్ని వసతులున్న లోకంలో దాహం ఎవరికేస్తుంది? బొమ్మల్లో ఎడారి ఉంటుంది, ఆటలో ఉండదు. ఓడలు అంతరిక్షంలో తిరిగే స్పెల్‌జామర్‌కు జరిగింది సరిగ్గా ఇదే. 64 పేజీల పుస్తకాలు మూడు ఇచ్చారు, చక్కటి ఓడల బొమ్మలు వేశారు. ఆ ఓడలతో యుద్ధం చేసే నియమాలేమో చాలీచాలనివి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే జిల్లాలో పెరిగినవాళ్లకు ఇది చూడగానే తెలిసిపోతుంది. మేం ఆడేటప్పుడు మొదట గ్యాలన్ తీసేసి బిందె పెట్టుకున్నాం. తర్వాత ఒక నియమం చేర్చాం: మంత్రంతో తీసిన నీళ్లు గాల్లోంచి రావు, మ్యాపులో దగ్గరున్న బావిలోంచి వస్తాయి. గ్రాఫ్ పేపరు మీద ప్రతి బావి పక్కన లోతు రాసి ఉంటుంది. మంత్రం వేసినప్పుడల్లా ఆ అంకె కొట్టేసి పెంచుతాం, గీత దాటితే బావి ఎండుతుంది. ఒకసారి మావాళ్లు బిడారు ఎద్దులకు దర్జాగా నీళ్లు పుట్టించి పెట్టారు. కొన్ని వారాల తర్వాత కథ అదే దారిన వెనక్కి వచ్చేసరికి ఊళ్లో బావి ఎండిపోయి ఉంది. ఊరివాళ్లు వీళ్లను గుర్తుపట్టారు. నిజం చెప్పాలంటే ఇందులో మా తెలివి పెద్దగా లేదు. పక్క చేనువాడు బోరు ఆరొందల అడుగులకు దించితే మన నాలుగొందల అడుగుల బోరు ఏమవుతుందో తెలిసిన ఎవరికైనా తట్టేదే. 1991 నాటి డార్క్ సన్‌లో మంత్రానికి పెట్టిన లెక్క కూడా ఇలాంటిదే. తీసుకున్నవాడు ఒకడు, ఎండిపోయేది ఇంకొకడి నేల.

అందుకే బానిసత్వాన్ని గురించి కూడా ‘ఉంచాలా, తీసెయ్యాలా’ అని అడగడం నాకు తప్పుగా అనిపిస్తుంది. నీళ్లు ఒకరి గుప్పిట్లో ఉన్న లోకంలో మిగతావాళ్లు స్వేచ్ఛగా ఉన్నారంటే నమ్మడం కష్టం. చూడాల్సింది కథ ఎవరి పక్కన నిలబడుతుందన్నదే. మన బుక్కరాయసముద్రం చెరువు కథే తీసుకోండి, కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేసిన ముసలమ్మ కథ. వానలకు చెరువు నిండి కట్ట తెగబోతుంటే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ బలి అయితేనే నిలుస్తుందని దేవత మాట వినిపిస్తుంది. ఆమె వెళ్తుంది. (కరువు సీమలో చెరువు నిండినా ప్రాణం మీదికే వస్తుంది, అదో విడ్డూరం.) దీన్ని త్యాగం అని పొగిడి ఊరుకోవచ్చు. ఆటలో పెడితే మాత్రం ఆడేవాడు ‘ఆ మాట ఎవరు విన్నారు? కట్టకు మరమ్మతు చెయ్యాల్సినవాడు ఎక్కడున్నాడు?’ అని అడగగలడు. కావ్యం చదివేవాడికి ఆ వీల్లేదు. డార్క్ సన్ మళ్లీ వేసేవాళ్లు బానిసల పాత్రలకు ఈ ప్రశ్నలు అడిగే చోటిస్తే చాలావరకు చిక్కు తీరుతుందని నా అభిప్రాయం.

కంపెనీ కోసం కాచుకు కూర్చోవాల్సిన అవసరం కూడా ఇప్పుడు లేదు. తన నియమాలను బయటివాళ్లు వాడుకోవడానికి ఇచ్చిన లైసెన్స్ మార్చబోయి ఆటగాళ్ల చేతిలో చీవాట్లు తిన్నాక, 2023 జనవరిలో విజార్డ్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలను (5.1) క్రియేటివ్ కామన్స్ కింద వదిలేసింది. ఎక్కడి నుంచి తీసుకున్నారో చెబితే చాలు, ఎవరైనా వాటి మీద సొంత లోకం కట్టి అమ్ముకోవచ్చు. తెలుగులో కూడా. అథాస్ పేరు, దాని రాజులు, బొమ్మలు మాత్రం ముట్టుకోకూడదు. మేం ప్రస్తుతం పాళెగాళ్ల కాలం నాటి ఒక చెరువు చుట్టూ కథ రాసుకుంటున్నాం, బావుల లెక్క అందులోకి తెచ్చేశాం. తూము తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గరే ప్రతిసారీ వాదన లేస్తోంది. ఆట నడిపేవాడి దగ్గరే ఉంచితే అతనే రాజైపోతాడని సగం మంది ఒప్పుకోవడం లేదు.