వైరు విముక్తి ఉద్యమం: ఇప్పటిదాకా సాధించిన విజయాలు

చార్జింగ్ వైరు మన మెడకి చుట్టుకున్న పెద్ద బానిసత్వం అని ఎట్టకేలకు అందరూ గుర్తించారు, సంతోషం. ఫోనుకి పిన్ను గుచ్చడమనే ఆ ఘోరమైన శ్రమకి రెండు సెకన్లు పట్టేది, చీకట్లో అయితే నాలుగు. ఇప్పుడా కష్టాలు లేవు, వైర్‌లెస్ చార్జింగ్ వచ్చింది, ఫోను తీసుకెళ్లి ఒక ప్యాడ్ మీద పడుకోబెడితే చాలు. ఆ ప్యాడ్‌కి గోడ దాకా వైరు ఉంది కదా అని గిట్టనివాళ్లు అంటుంటారు. అది ప్యాడ్ వైరండీ, ఫోను వైరు కాదు.

సైన్సు కొత్తదేం కాదు, ఫారడే 1831లో కనిపెట్టిందే. ప్యాడ్‌లో ఒక తీగచుట్ట, ఫోను వీపులో ఇంకోటి, మొదటిదాంట్లో కరెంటు అటూ ఇటూ మారుతుంటే పుట్టే అయస్కాంత క్షేత్రం రెండోదాంట్లో కరెంటు పుట్టిస్తుంది. అంటే వైరుని వదిలించుకోడానికి మనం చేసిందల్లా బోలెడంత వైరుని చుట్టచుట్టి రెండు వైపులా దాచేయడం! ఆ చుట్టలు ఎదురెదురుగా, కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉండాలి. రాత్రి ఏ మెసేజో వచ్చి ఫోను వణికి కాస్త పక్కకి జరిగిందా, పొద్దున్నకి బ్యాటరీ నిన్న ఎక్కడుందో అక్కడే ఉంటుంది. సరిగ్గా కుదిరినా కొంత కరెంటు వేడిగా పోతుంది, బ్యాటరీకేమో వేడి పడదు.

శాస్త్రవేత్త నికోలా టెస్లా 1901లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో టవర్ మొదలుపెట్టాడు, తీగల్లేకుండా కరెంటు సముద్రాలు దాటిస్తానని. పెట్టుబడి పెట్టిన బ్యాంకరు మోర్గాన్ ఇంక ఇవ్వనన్నాడు, 1917లో ఆ టవర్‌ని కూల్చేశారు. సముద్రాలు దాటాల్సిన ఆ కరెంటు ఇవాళ ఫోను కవరు దాటడానికి ఆయాసపడుతోంది. యాపిల్ కూడా 2017లో, మూడు పరికరాల్ని ప్యాడ్ మీద ఎక్కడ పడేసినా చార్జ్ అయ్యే ఎయిర్‌పవర్ తెస్తున్నామని ఘనంగా ప్రకటించి, 2019 మార్చిలో మా స్థాయికి తగ్గట్టు రాలేదని రద్దు చేసుకుంది.

అన్నిటికంటే గొప్ప విషయం ఇంకోటుంది. వైరు రోజుల్లో చార్జింగ్ పెట్టి కూడా పడుకుని మాట్లాడేవాళ్లం, వీడియోలు చూసేవాళ్లం. ఇప్పుడు ఫోనుకి పూర్తి స్వేచ్ఛ వచ్చింది కాబట్టి దాన్ని అక్కణ్నించి కదపకూడదు.

దీనికీ మందు కనిపెట్టారు, అయస్కాంతం. 2020లో ఐఫోన్ 12తో వచ్చిన ఈ పద్ధతే 2023లో క్యూఐ2 అనే, అన్ని కంపెనీలూ వాడుకోగల వైర్‌లెస్ చార్జింగ్ ప్రమాణంలోకి చేరింది. ఒక గుండ్రటి బిళ్ల ఫోను వీపుకి అతుక్కుంటుంది, చుట్టలు వాటంతటవే కుదురుకుంటాయి, ఫోను చేత్తో పట్టుకుని వాడుకోవచ్చు కూడా. ఆ బిళ్ల వెనక వేలాడేదాన్ని మాత్రం చూడనట్టు ఊరుకోవాలి. వచ్చినప్పుడు దాని వేగం 15 వాట్లు. వైరుతో వంద వాట్లు దాటి ఎక్కించుకునే ఫోన్లున్నాయంటారు, ఉండనివ్వండి, ఉద్యమాల్లో తొందర పనికిరాదు. ఆ వైరు బానిసలు ఈలోగా ఫోను నింపుకుని, వైరు పీకేసి, ఎటో వెళ్లిపోయారు.