బస్టాపుకి పేరు ఎవరు రాయాలి?

లండన్ భూగర్భ రైలు సంస్థలో ఫ్రాంక్ పిక్ అనే కుర్ర ఉద్యోగి ఉండేవాడు. మన ప్రచారం ఏమీ బాగోలేదని అస్తమానం సణిగేవాడు. 1908లో పైవాళ్లు ఆ పనేదో నువ్వే చూడమని అతనికే అప్పగించారు. చదివింది లా, బొమ్మలు గీసే విద్య రాదు. ఆ కుర్చీ నుంచే ఎదిగి 1928కి మేనేజింగ్ డైరెక్టరయ్యాడు. 1933లో నగరంలోని బస్సులు, ట్రాములు, భూగర్భ రైళ్లు ఒకే బోర్డు కిందికి వచ్చాక, దాన్ని నడిపే బాధ్యతా అతని మీదే పడింది. ప్రచారం చూసినవాడి చేతికే బండ్లు కూడా వచ్చాయి. నా దృష్టిలో అసలు విశేషం ఇదే.

అప్పట్లో స్టేషన్ గోడల నిండా సబ్బుల, టీ పొడుల ప్రకటనలే. రైలు ఆగితే, ఇది ఏ స్టేషనో కిటికీలోంచి చూసేవాడికి అంతు చిక్కేది కాదు. పిక్ ప్రకటనలన్నిటికీ ఫ్రేములు కట్టించి ఓ పక్కకి సర్దించాడు. ఎర్ర గుండ్రం, దాని మీద అడ్డంగా నీలం పట్టీ, పట్టీలో స్టేషన్ పేరు. ఇవాళ టీషర్టుల మీద కనిపించే లండన్ గుర్తుకి మూలం ఇదే. పేరు కనపడాలన్న అవసరం కోసం పుట్టింది. తర్వాత అందమైన అక్షరాలు రాయడంలో పేరున్న ఎడ్వర్డ్ జాన్‌స్టన్ చేత ప్రత్యేకంగా అక్షరాలు రాయించాడు, 1916లో అవి వాడుకలోకి వచ్చాయి.

పోస్టర్ల వెనక కూడా లెక్క ఉంది. ఉదయం, సాయంత్రం రైళ్లు కిటకిట, మధ్యాహ్నం, ఆదివారం ఖాళీ. ఆ ఖాళీ సీట్లు నింపడానికే పేరున్న చిత్రకారులతో జూ పార్కులు, ఊరి బయటి పచ్చిక బయళ్లు గీయించాడు.

మన దగ్గరికి వద్దాం. తెలంగాణ ఆర్టీసీలో పీఆర్వో అంటే ప్రెస్ నోట్ పంపే మనిషి. ఏ రూట్లో ఎన్ని బస్సులు తిప్పాలన్న మీటింగులో ఆయన మాటకి ఎంత చోటుంటుందో చెప్పక్కర్లేదు. 2021 సెప్టెంబర్‌లో ఎండీగా వచ్చిన సజ్జనార్ ట్విట్టర్‌లో నేరుగా ప్రయాణికులకి జవాబులివ్వడం మొదలుపెట్టాక జనానికి సంస్థ మీద గురి కుదిరింది. 2023లో, బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే ‘గమ్యం’ యాప్ కూడా వచ్చింది. మంచిదే. కానీ 2025లో ఆయన పోలీస్ కమిషనర్‌గా వెళ్లిపోయారు. నాలుగేళ్లు ఆ కుర్చీలో ఉండటమే మనకి ఎక్కువ. పిక్ ఒకే సంస్థలో ముప్ఫై ఏళ్లకి పైగా ఉన్నాడు. అందుకే అతను పోయాక కూడా స్టేషన్ పేర్ల బోర్డులు మారలేదు. డెప్యుటేషన్ మీద వచ్చే ఆఫీసర్ ఎంత సమర్థుడైనా, ఆయన హయాంలో పుట్టిన అలవాటు ఆయన ఫోన్‌తో పాటే వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

సాయంత్రం ఆరింటికి సికింద్రాబాద్ వైపు ఏ స్టాపులోనైనా నిలబడి చూడండి. బస్సు ఆగీ ఆగకముందే ఒకావిడ పక్కనున్న కుర్రాణ్ణి అడుగుతుంది: “తమ్మీ, గిది కోఠి పోతదా?” ఆడవాళ్లకి ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక జీరో టికెట్ మీద కొత్తగా బస్సెక్కుతున్న ఆడవాళ్లు ఎందరో. 8ఏ ఎటు పోతుంది, 49ఎం ఎటు పోతుందన్నది రోజూ తిరిగేవాళ్లకి నోటికొచ్చు. వీళ్లకెలా తెలుస్తుంది? యాప్ ఉందంటారు. స్మార్ట్‌ఫోన్ లేనావిడకి ఆ కుర్రాడే యాప్.

షెల్టర్ నిండా మాత్రం నగల దుకాణం, కార్పొరేట్ కాలేజీ ర్యాంకులు. స్టాపు పేరు ఓ మూల ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. పిక్ చూసిన గోడే ఇది, వందేళ్ల తర్వాత. తేడా ఒక్కటే: ఆ గోడ అతని సంస్థది. హైదరాబాద్‌లో షెల్టర్లు ఆర్టీసీవి కావు, మున్సిపల్ కార్పొరేషన్ ప్రకటనల ఏజెన్సీలతో కట్టిస్తుంది. కాబట్టి స్టాపు పేరు, అక్కడ ఆగే నంబర్లు, చివరి బస్సు టైమూ పెద్ద అక్షరాల్లో రాయడం ఏజెన్సీ ఒప్పందంలోనే ఒక షరతుగా పెట్టించాలి. దానికి ఆర్టీసీ, కార్పొరేషన్ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. కొత్త బస్సులు కొన్నంత ఖర్చేం కాదది.