మహారాజశ్రీ నక్షత్ర గుర్తు గారికి

మహారాజశ్రీ ఆస్టరిస్కు గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అంకెల భుజాలెక్కి కూర్చున్న మీరు కూడా క్షేమంగానే ఉండి ఉంటారు. మీకేం లోటు? చీరల షాపు బోర్డు మీద '70 శాతం తగ్గింపు' పక్కన ఈగలా వాలతారు. కింద కంటికి ఆనని అక్షరాల్లో 'షరతులు వర్తిస్తాయి' అంటారు. ఇన్నేళ్లుగా దాని మీదే బతికేస్తున్నారు. ఆ తగ్గింపును నమ్మి కౌంటర్ దాకా వెళ్లి నేను పడ్డ అవమానం మన మధ్య పాత గొడవ. అది వదిలేద్దాం.

సంగతేమిటంటే, మొన్న శనివారం మధ్యాహ్నం మీరు మా అమ్మాయిని పదిమందిలో తలదించుకునేలా చేశారు.

సియాటిల్‌లో మా స్నేహితుల ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం చేసుకెళ్లే విందు. భోజనాలకు ముందు పిల్లలకు క్విజ్ పెట్టారు. క్విజ్ మాస్టరు మేమంతా అన్నయ్య గారూ అని పిలుచుకునే ఒక పెద్దమనిషి. "మన ఊరి మహిళల బాస్కెట్‌బాల్ టీమ్ సియాటిల్ స్టార్మ్ ఎన్నిసార్లు కప్పు గెలిచింది?" అని అడిగారు. మా అమ్మాయి ఠక్కున చెయ్యెత్తింది. 2004, 2010, 2018, 2020 అని వేళ్ల మీద లెక్కపెట్టి మరీ "నాలుగు" అంది. అన్నయ్య గారు చేతిలోని గారెను అల్లం పచ్చడిలో ముంచి, తాపీగా కొరికి, "మూడున్నరమ్మా! ఆ కరోనా ఏడాది కప్పుకి స్టార్ ఉందిగా" అన్నారు.

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆయన సంగతి ఇంటికొచ్చాక చూసుకున్నాను.

మా పిల్లకి అర మార్కు వేశారు. ఆ అర మార్కు తేడాతోనే ఫస్ట్ ప్రైజ్, స్టీలు టిఫిన్ బాక్సు, పక్కింటి అబ్బాయి పట్టుకెళ్లాడు. ఒంటిగంటకు మొదలుపెట్టిన వాదన నాలుగైనా తెగలేదు. నేను చేసి తీసుకెళ్లిన గుత్తివంకాయ కూర చల్లారి గడ్డకట్టింది. నాకు ఒక శనివారం ఎంత కష్టపడితే దొరుకుతుందో మీకు తెలియదు.

ఇదంతా అన్నయ్య గారి తప్పు కాదని తర్వాత అర్థమైంది. ఆయన మీరు చెప్పిందే చెప్పారు. డబ్ల్యూఎన్‌బీఏ, అంటే అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్, ఆ ఏడాది సీజన్ గురించి ఎవరు నోరు తెరిచినా, 'అది పూర్తి కప్పు కాదు' అంటూ వెనకాల మీరే నిలబడి ఉంటారు. హరిశ్చంద్రుడి వెంట కాశీ దాకా వెళ్లి, మీ పేరే పెట్టుకున్న ఆ నక్షత్రకుడు బాకీ బాకీ అని పీక్కుతిన్నట్టు.

సరే, బాకీ లెక్క చూద్దాం. ఎంత బాకీ అండీ? 36 మ్యాచ్‌లు ఆడాల్సింది 22 ఆడారు, అంతేనా? అయితే 1997 సంగతి చెప్పండి. లీగ్ పుట్టిన ఏడాది అది. టీమ్‌కి 28 మ్యాచ్‌లే. సెమీస్ ఒక్క మ్యాచ్, ఫైనల్ ఒక్క మ్యాచ్. హ్యూస్టన్ కామెట్స్ 65-51తో న్యూయార్క్‌ను ఓడించి, రెండే రెండు నాకౌట్ గెలుపులతో కప్పు ఇంటికి పట్టుకెళ్లింది. ఆ కప్పు పక్కన మీరెక్కడా కనబడరే! 28కి రాని అనుమానం 22కి వచ్చిందంటే మధ్యలో ఎక్కడో ఒక గీత ఉండాలి. 25 దగ్గరా? 24 దగ్గరా? ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కూడా కటాఫ్ ఎంతో చెప్పేవాళ్లండీ.

పైగా కోత పడింది లీగ్ మ్యాచ్‌లకే. సెమీస్, ఫైనల్ ఎప్పట్లాగే అయిదేసి మ్యాచ్‌ల సిరీస్‌లు. స్టార్మ్ ఆరు ఆడి ఆరూ గెలిచింది. ఆఖరిది 92-59. ముప్పైమూడు పాయింట్ల తేడా! డబ్ల్యూఎన్‌బీఏ ఫైనల్స్‌లో అంతకు ముందెప్పుడూ ఎవరూ అంత తేడాతో గెలవలేదు. ఇందులో అర ఎక్కడుందో చూపిస్తారా? ఏ క్వార్టర్‌లో దాక్కుందట?

పొట్టి సీజన్లంటేనే మీకు పడదేమో అనుకుందామంటే, అదీ కాదు. 1961లో బేస్‌బాల్‌లో రోజర్ మారిస్ ఒక్క సీజన్‌లో 61 హోమ్‌రన్లు, మన సిక్సర్ల లాంటివి, కొట్టి బేబ్ రూత్ 60 రికార్డు దాటాడు. ఆయన మీద మీ అభియోగం ఏమిటి? సీజన్ 154 నుంచి 162 మ్యాచ్‌లకు పెరిగిందని! పెరిగితే పెరిగిందని, తగ్గితే తగ్గిందని. అత్తగారి సాధింపులకైనా ఒక పద్ధతుంటుంది. ఇంకా తమాషా ఏమిటంటే, మారిస్ పేరు పక్కన మిమ్మల్ని అధికారికంగా ఎవరూ అచ్చేయనే లేదు. వేరే గుర్తు పెడితే బాగుంటుందని బేస్‌బాల్ కమిషనర్ అన్న ఒక్క మాట చాలు, అచ్చులో లేకుండానే ముప్పై ఏళ్లు ఆయన నెత్తిన కూర్చున్నారు. ఆ రికార్డు పూర్తిగా ఆయనదేనని 1991లో తేల్చారు. అప్పటికి ఆయన పోయి దాదాపు ఆరేళ్లు.

ఇక 'మీరు' అనడం నా వల్ల కాదు. నక్షత్రకా, విను.

నువ్వు ఆ ఏడాది చూశావా? నేను చూశాను. మే 15న మొదలవ్వాల్సిన సీజన్. షెడ్యూల్ ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాం. ఏ మ్యాచ్‌లకు వెళ్లాలో మా అమ్మాయి ఊదారంగు స్కెచ్‌పెన్‌తో సున్నాలు చుట్టింది. తొమ్మిదేళ్లు అప్పటికి. మే పోయింది, జూన్ పోయింది. ఆ కాగితం తీసేద్దామంటే ఒప్పుకోదు. చివరికి జులై 25న, ఇక్కడికి దేశం ఆ చివరనున్న ఫ్లోరిడాలో, బ్రాడెంటన్ అనే ఊళ్లో పన్నెండు టీమ్‌లనూ ఒకేచోట పెట్టి తలుపులేసి మొదలుపెట్టారు. పిల్లల తల్లులు కొందరు పిల్లల్ని చంకనేసుకునే వచ్చారు. సొంత ఊరూ లేదు, జనమూ లేరు. ఏడు వారాల్లో 22 మ్యాచ్‌లు. అంటే రెండు మూడు రోజులకొకటి. మన వాళ్లు ఫంక్షన్ హాల్లో మూడు రోజుల పెళ్లి చేసి వారం పడుకుంటారు.

సెప్టెంబర్‌లో మా ఊరి మీద పొగ కమ్మింది. అడవులు తగలబడుతున్నాయి. అప్పటిదాకా వైరస్‌కి భయపడి బయటికి పోలేదు, ఇప్పుడు పొగకి భయపడి కిటికీ తీయలేదు. గుమ్మం కింది సందులో తడి తువ్వాలు కుక్కి, నలుగురం ఒకే గదిలో. మా అమ్మాయి సాక్స్ ఉండచుట్టి బట్టల బుట్టలోకి విసురుతూ మ్యాచ్ చూసేది. పొగ తగ్గాక, మిన్నెసోటాతో మొదటి సెమీస్ అనుకున్న రోజున, స్టార్మ్ ప్లేయర్లలో కొందరి కరోనా టెస్టు ఫలితం తేలలేదని మ్యాచ్ ఆపేశారు. టెన్షన్‌తో రెండు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మళ్లీ పరీక్ష చేస్తే ఎవరికీ లేదు. ఆట పెట్టారు.

86-86. ఆఖరి క్షణాలు. స్టార్మ్ వేసిన షాట్ రింగుకి తగిలి బయటికొచ్చింది. అన్ని చేతుల మధ్యలోంచి అలీషా క్లార్క్ ఆ బంతిని అందుకుని, వెనక్కి తిరక్కుండా మళ్లీ వేసింది. బంతి నెట్‌లోంచి పడడం, గంట కొట్టడం. 88-86. మా ఇంట్లో సాక్స్ ఉండ ఫ్యాన్‌కి తగిలి పప్పు గిన్నెలో పడింది. ఆ క్షణానికి పక్కన నువ్వు లేవు నక్షత్రకా. ఉంటే పప్పులోంచి తీసి పిండి ఆరేసేదాన్ని.

అంతకు ముందు ఏడాదంతా మోకాలి ఆపరేషన్‌తో కూర్చున్న మా స్టార్మ్ ప్లేయర్ సూ బర్డ్, ఇంకో రెండు వారాల్లో నలభై నిండుతాయనగా, ఫైనల్ మొదటి మ్యాచ్‌లో 16 అసిస్ట్‌లు, అంటే తోటివాళ్లు పాయింట్లు కొట్టేలా అందించిన పాస్‌లు, ఇచ్చింది. మడమ నరం తెగి 2019 సీజనంతా పోగొట్టుకున్న బ్రియానా స్టీవర్ట్ అదే మ్యాచ్‌లో 37 పాయింట్లు కొట్టింది. వీళ్లకి అర కప్పా?

నీ వైపు న్యాయం అసలు లేదనను. ఫైనల్లో మా చేతిలో ఓడిన లాస్‌వేగస్‌కి లిజ్ కాంబేజ్ లేదు, కెల్సీ ప్లమ్ లేదు. ఆ మాట అన్నయ్య గారు అనుంటే కాస్త తగ్గేదాన్నేమో. కానీ ఆయనకి ఆ పేర్లే తెలియవు. ఆ సీజన్ ఆడకుండా మెడికల్ మినహాయింపు అడిగిన వాషింగ్టన్ ప్లేయర్ ఎలెనా డెలె డాన్‌కి నీ ప్రమాదం అంత పెద్దది కాదని డాక్టర్ల ప్యానెల్ చెప్పింది. లైమ్ వ్యాధికి రోజుకి 64 మాత్రలు మింగుతున్నానని ఆవిడ రాసింది. చుక్క పెట్టాల్సింది ఆ ప్యానెల్ చిట్టా మీద.

ఆ సీజన్ చిన్నదట! మొదటి మ్యాచ్‌లోనే పోలీసు తూటాలకు చనిపోయిన బ్రియానా టేలర్ కోసం, ఆమె వయసు 26 కాబట్టి 26 సెకన్లు మౌనంగా నిలబడ్డారు. అట్లాంటా టీమ్ సహ యజమాని కెల్లీ లోఫ్లర్ సెనేటరు. ఆమె మీద పోటీకి నిలబడ్డ వార్నాక్‌కి ఓటెయ్యమని టీషర్టులేసుకున్నారు, ఆమె సొంత టీమ్ వాళ్లతో సహా! జనవరిలో ఆయన గెలిచాడు. ఆ తర్వాత టీమ్ కూడా ఆమె చేతుల్లోంచి పోయింది. కొన్నవాళ్లలో ఆ సీజన్ ఆడనని పక్కకు తప్పుకున్న ఆ టీమ్ ప్లేయరే, రెనీ మోంట్‌గమరీ, ఒకరు. సెనేట్ సీటు పక్కన కూడా కూర్చుంటావా, కూర్చో చూద్దాం.

అన్నయ్య గారు ముంబై ఇండియన్స్ అభిమాని. వాళ్ల అయిదో కప్పు కూడా 2020లోదే. దుబాయ్‌లో, ఖాళీ స్టేడియంలో. అది నాలుగున్నరా అన్నయ్య గారూ అంటే, "అది వేరే తల్లీ, అక్కడ 60 మ్యాచ్‌లూ పూర్తిగా ఆడారు" అన్నారు. అవును, అది వేరే. ఎప్పుడూ అది వేరేనే ఉంటుంది.

హైదరాబాద్‌లో మా సొంత అన్నయ్య కొడుకు ఆ ఏడాదే టెన్త్. కొన్ని పేపర్లు రాశాక పరీక్షలు ఆపేసి అందరినీ పాస్ చేశారు. వాణ్ణి ఇప్పటికీ "కరోనా బ్యాచా?" అని ఓ చూపు చూస్తారు. మరి ఆ ఏడాది యాభైమందితో, మాస్కుల్లో, జూమ్‌లో అక్షింతలు వేయించుకుని పెళ్లి చేసుకున్నవాళ్ల సంగతేమిటి? సగం పెళ్లయిందా? ఇద్దరేసి పిల్లలున్నారు వాళ్లకి.

ఒక్క మాట మాత్రం నీ పక్షాన చెప్పాలి, చెప్పడం ఇష్టం లేకపోయినా. ఆ మార్చిలో చాలా చోట్ల నువ్వు కూర్చోడానికి కుర్చీ కూడా మిగల్లేదు. యూరప్ మహిళా క్లబ్బుల పోటీ యూరోలీగ్ విమెన్ మధ్యలోనే ఆగిపోయింది, విజేత గడి ఖాళీ. అమెరికా కాలేజీ టోర్నమెంట్ మొదలవకుండానే మార్చి 12న రద్దయింది. ఒరెగాన్ యూనివర్సిటీ ప్లేయర్ సబ్రీనా అయోనెస్కు, అంతకు ముందేడాది సెమీస్‌లో ఓడిపోయి, ఆ పని పూర్తిచేస్తానని ప్రొఫెషనల్ లీగ్ వదులుకుని కాలేజీకి తిరిగొచ్చింది. 2,000 పాయింట్లు, తప్పిన షాట్ల బంతి అందుకునే రీబౌండ్లు 1,000, అసిస్ట్‌లు 1,000, అన్నీ చేసింది. ఆడాల్సిన టోర్నమెంటే లేకుండా పోయింది. ఏప్రిల్‌లో, లీగ్ టీమ్‌లు కొత్త ప్లేయర్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పేరు ఆమెదే. అది కూడా ఇంట్లో కూర్చుని వీడియోలో విన్నది. న్యూయార్క్‌కి ఆడిన మూడో మ్యాచ్‌లోనే చీలమండ బెణికి ఆ సీజనే అయిపోయింది. చివరికి 2024లో న్యూయార్క్‌తో కప్పు ఎత్తినప్పుడు, మా టీమ్ కాకపోయినా, టీవీ ముందు లేచి నిలబడ్డాను. ఖాళీ గడి కంటే నువ్వు నయమే. నువ్వు వాలాలంటే కింద ఒక అంకె ఉండాలిగా.

ఇంత కోపం ఎందుకని మా ఆయన అడిగాడు. మా కాలేజీలో అమ్మాయిలకి సగం కోర్టే ఇచ్చేవాళ్లు, అదీ అయిదున్నర దాకానే. అయిదున్నరకి అబ్బాయిలొచ్చి గీత దగ్గర బంతి కొడుతూ నిలబడేవాళ్లు, టప్ టప్ టప్‌మని, మేం వెళ్లేదాకా. 'మూడున్నర' అనగానే నా చెవిలో ఆ చప్పుడే వినబడింది.

మా పిల్ల మాత్రం తేలిగ్గానే తీసుకుంది. టిఫిన్ బాక్సు ఎవడిక్కావాలంది. ఫ్రిజ్ మీది పాత షెడ్యూల్ ఎక్కడ దాచావని అడిగింది. తీసిస్తే, దాని మీద పెద్దక్షరాలతో 4 అని రాసి మళ్లీ అక్కడే పెట్టింది.

వచ్చే నెల పాట్‌లక్ మా ఇంట్లో. గారెలు నేనే వేస్తున్నాను. అన్నయ్య గారి విస్తట్లో మూడు పెట్టి, నాలుగోదాన్ని ఆయన ముందే తుంపి సగం వడ్డిస్తాను. మిగతా సగం ఏదమ్మా అని ఆయన అడగాలి.

ఇట్లు,
నాలుగు కప్పుల ఊరి నుంచి
ఒక స్టార్మ్ పిల్ల తల్లి