వెల్క్రో దోతి గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ వెల్క్రో దోతి గారికి,

నల్లగొండ నుండి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేము క్షేమం. తమరు కూడా సూట్‌కేసు అడుగున, ఒక్క చిరుగైనా లేకుండా, క్షేమంగానే ఉన్నారు. స్కాట్లాండులోని ఎడింబరోలో చిరిగింది నా పరువు ఒక్కటే.

గడియారం సెంటరు దగ్గరి దుకాణంలో, అదిమితే అంటుకుని లాగితే ఊడే వెల్క్రో పట్టీతో నడుముకు నిలిచే తమరిని కౌంటరు మీద పరిచి, "ప్యాంటు ఎక్కించుకున్నట్టే సార్, ఊడుడనే ముచ్చటే లేదు" అన్న కుర్రవాడి మాటను నేను నమ్మాను. ఎడింబరోలో మా అబ్బాయి స్నేహితుడి పెళ్ళి విందుకు వచ్చిన పిలుపులో 'సెమీ ఫార్మల్' అని ఉంటే, దాని అర్థం కోసం కొడుకూ కోడలూ మూడు రోజులు తర్జనభర్జన పడి, "మన బట్టలైతే ఎవరూ తప్పు పట్టరు నాయినా" అని తేల్చారు. ఫార్మల్‌లో సగమంటే ఏ సగమో వారూ చెప్పలేదు. తమరు మాత్రం ఆ సగాన్ని అక్షరాలా పాటించారు.

మునుగోడు వైపు ఆముదపు చేల గట్ల వెంట తిరిగి వచ్చిన మా తాత, పొద్దుగూకాక అరుగు మీద కూర్చుని, దోతి అంచుకు పట్టుకున్న ఉత్తరేణి గింజలను ఒక్కొక్కటే ఏరి పారేసేవాడు. తమరి నడుముపట్టీ పుట్టుక గురించి ఈ మధ్యనే చదివాను. స్విట్జర్లాండు ఇంజినీరు జార్జ్ ద మెస్త్రాల్ తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ళకాయలను చూసి ఆ ఉపాయం కనిపెట్టి, 1955లో పేటెంటు పొందాడట. అంటే మా తాత జీవితమంతా ఏరి పారేసిన దానిని నేను డబ్బులిచ్చి నడుముకు చుట్టుకున్నాను.

ఆ విందు హాలులో మగవాళ్ళు సగం మంది కిల్టుల్లో, అంటే స్కాట్లాండు మగవాళ్ళు కట్టే మడతల లంగాల్లో, ఉన్నారు. పెళ్ళికూతురి తండ్రి కట్టినది ఎనిమిది గజాల ఉన్నిగుడ్డ అని తెలిసి, మన లెక్కన పదహారు మూరలు, మా తాత దోతికి రెట్టింపు, అయినా మోకాలు దాటలేదు గదా అని లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వుకు శిక్ష అరగంటలోనే పడింది. స్కాట్లాండు కొండసీమ హైలాండ్స్ వాళ్ళు తిరగబడ్డారని 1746లో బ్రిటిష్ పార్లమెంటు ఆ దుస్తులను చట్టం చేసి నిషేధిస్తే, 1782లో ఆ చట్టం రద్దయ్యాక వాళ్ళు మళ్ళీ మడత మీద మడతగా కట్టుకున్నారు. మన దోతిని ఏ పార్లమెంటూ నిషేధించలేదు. కట్టుకోవడం మాకే చేతకాక జిప్పు, ఎలాస్టిక్కు, జేబులు, చివరకు తమరిని తెచ్చుకున్నాం.

విందు తరువాత కేలీ అనే గుంపు నాట్యం మొదలైంది. మన కోలాటానికి కోలలు తీసేసి, అకార్డియన్, ఫిడేలు కలిపినట్టు ఉంటుంది. పెళ్ళికూతురి తండ్రి నా చెయ్యి పట్టుకుని వలయంలోకి లాగాడు. ఊడదలచుకుంటే వాయిద్యాల హోరులో ఊడవచ్చును గదా! పాట ఆగి, అందరూ చప్పట్లకు చేతులెత్తిన ఆ ఒక్క క్షణం చూసుకుని, చర్ర్‌ర్‌ర్‌మని, వంటగది నుండి కూడా మనిషి తొంగిచూసేటంత చప్పుడుతో ఊడావు. దోతి జారడం మా వంశంలో కొత్త కాదు; జారితే జారింది, ఎగదోపుకుంటారు. కాని ఊరంతటికీ చాటింపు వేసి జారే దోతిని ఏ తరంలోనూ ఎరగం. సిగ్గు లేదటయ్యా నీకు?

ఆ పూట నన్ను కాచింది భుజం మీది పుట్టపాక తేలియా రుమాలు. ఆముదపు కాయల బూడిదా నూనే పట్టించిన నూలుతో నేసిన ఆ గుడ్డ, నాకంటే చాలా ముందే అరబ్బు దేశాలు చూసి వచ్చిన వంశానిది. పరాయిచోట ఎలా మసలుకోవాలో దానికి తెలుసు. దాన్ని నడుముకు బిగించుకుంటూ ఉంటే, పెళ్ళికూతురి తండ్రి తన కిల్టు అంచుకున్న పెద్ద పిన్నీసును తీసి, ఒక్క మాటా అనకుండా, నవ్వకుండా, నా చేతిలో పెట్టాడు. ఆయన నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

నిన్న మా చిన్నాయన ముందు నిలబడి, ఎనిమిది మూరల నూలు దోతికి గోచి పెట్టడం నేర్చుకున్నాను. మూడుసార్లు ఊడింది. చప్పుడు మాత్రం కాలేదు.

ఇట్లు,
తమరి మాజీ నడుము