ఫిన్నీని డబ్బు బారి నుంచి కాపాడిన పెద్దమనుషులు

ఫుట్‌బాల్ ఆటగాళ్ల జీతాల వార్త వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. 'ఆ రోజుల్లో ఇలా ఉండేది కాదండీ. డబ్బుకి ఆశపడకుండా, నమ్ముకున్న క్లబ్బుకే జీవితాంతం ఆడేవాళ్లు' అని. నిజమే. నూటికి నూరుపాళ్లూ నిజం. కాకపోతే ఆ ఘనతంతా ఆటగాళ్ల ఖాతాలో రాసేయడమే నాకు నచ్చదు. ఆటగాడు మనిషే కదా, నాలుగు రాళ్లు ఎక్కువిస్తామంటే మనసు లాగుతుంది. అలా లాగకుండా ఆరు దశాబ్దాల పాటు ఇంగ్లండ్‌లో కంటికి రెప్పలా కాచిన మహానుభావులు క్లబ్బుల డైరెక్టర్లు. వారిని ఎవరూ తలచుకోరు. టామ్ ఫిన్నీ కథ వింటే వారి త్యాగం ఎంతటిదో అర్థమవుతుంది.

ఫిన్నీ 1922లో లాంకషైర్‌లోని ప్రెస్టన్‌లో పుట్టాడు. ఆటలో చేరతానంటే తండ్రి ముందు ప్లంబింగ్ పని పూర్తిగా నేర్చుకోమన్నాడు. ఫుట్‌బాల్ కూడు పెట్టదని ఆ తండ్రికి ఎవరు చెప్పారో గానీ, డైరెక్టర్ల ఉద్దేశం ముందే పసిగట్టిన దూరదృష్టి ఆయనది. తర్వాత యుద్ధం వచ్చింది. ఫిన్నీ బ్రిటిష్ ఎనిమిదో సైన్యంలో ట్యాంకు తోలాడు. ఈజిప్టు చూశాడు, ఇటలీ చూశాడు. వెనక్కి వచ్చి 1946లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ తరఫున లీగ్ ఆట మొదలుపెట్టేసరికి వయసు 24. అక్కడి నుంచి 1960 దాకా అదే క్లబ్బు, 433 లీగ్ మ్యాచ్‌లు, 187 గోల్స్. ఇంగ్లండ్‌కి 76 మ్యాచ్‌లు, 30 గోల్స్. కుడి పక్కన పెట్టినా, ఎడమ పక్కన పెట్టినా, నడిమధ్యన నిలబెట్టినా ఆడాడు. వారంలో మిగిలిన వేళల్లో ఊళ్లో పైపులు బిగించాడు. సోదరుడితో కలిసి పెట్టుకున్న వ్యాపారం అది. ఇంగ్లండ్ జట్టు వింగర్ చేతిలో పానా! లోకం ఆయన్ని 'ప్రెస్టన్ ప్లంబర్' అని ముద్దుగా పిలిచింది. ఆ ముద్దుపేరు వెనక ఉన్న పే స్లిప్పు మాత్రం ఎవరూ అడిగి చూడలేదు.

అప్పటి పద్ధతి ఇది. ఆటగాడికి ఇంతకు మించి జీతం ఇవ్వకూడదని గరిష్ఠ పరిమితి ఉండేది. 1901లో వారానికి 4 పౌండ్లతో మొదలై, 1951లో 14, 1958లో 20 పౌండ్లకి చేరింది. వేసవిలో మ్యాచ్‌లుండవు కనుక ఇంకాస్త తక్కువ. ఎండాకాలంలో ఆటగాడికి ఆకలి తక్కువ వేస్తుందని బహుశా వైద్యుల సలహా. నిన్న మొన్న బూట్లు కట్టిన కుర్రాడికీ, ఫిన్నీకీ ఒకటే సీలింగు. ఇంతకన్నా సమసమాజం ఎక్కడుంది? ఆ సమానత్వం మైదానంలోనే ఆగిపోయి డైరెక్టర్ల బాక్సు మెట్లు ఎక్కలేదంటారా, మెట్లు నిటారుగా ఉంటాయి మరి.

డబ్బు లేక ఇలా చేశారనుకుంటే పొరపాటు. 1948-49 సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లకి వచ్చిన జనం 4 కోట్ల పైమాటే. 1951లో జాకీ సీవెల్ అనే ఆటగాడిని షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు 34,500 పౌండ్లకి కొన్నది. సంతకం పెట్టినందుకు ఆటగాడికి ఇవ్వనిచ్చేది 10 పౌండ్లు. మిగతా 34,490 పౌండ్ల బరువు తలకెత్తుకోకుండా ఒక యువకుణ్ణి తప్పించిన దయ అది.

జీతం నచ్చకపోతే వేరే క్లబ్బుకి పోవచ్చుగా అంటారేమో. పోకూడదు. ఒప్పందం ముగిసినా ఆటగాడి రిజిస్ట్రేషన్ క్లబ్బు గుప్పిట్లోనే ఉండేది. వాళ్లు వదిలితేనే వెళ్లాలి. మన పల్లెల్లో అప్పు లేని పాలేరుకైనా ఏడాది గడువు తీరాక ఆసామిని మార్చుకునే వీలుండేది. ఇంగ్లండ్ సెంటర్ ఫార్వర్డ్‌కి ఆ బెంగ కూడా లేకుండా చేశారు.

ఇక 1952. ఇంగ్లండ్ జట్టు ఆడటానికి ఇటలీ వెళ్లినప్పుడు పలెర్మో క్లబ్బు అధ్యక్షుడు ఫిన్నీకి కబురు పెట్టాడు. ఆయనొక రాకుమారుడు, నిజంగానే. చేతికి 10,000 పౌండ్లు, నెలకి 130 పౌండ్ల జీతం, బోనస్సులు, సముద్రం పక్కన విల్లా, కారు. వేసవి కోత పట్టించుకోకపోయినా వారానికి 14 పౌండ్ల లెక్కన ఏడాదికి వచ్చేది 728. అంటే ఆ పదివేలు ఒక్కటే పదమూడేళ్ల పైచిలుకు జీతం. ఫిన్నీ ఊరొచ్చి ఛైర్మన్‌ని అడిగాడు. ప్రెస్టన్‌కి ఆడకపోతే ఎవరికీ ఆడబోవని ఛైర్మన్ తేల్చేశాడు. అంతే, చర్చ ముగిసింది. ఇటలీకి ట్యాంకు తోలుకుంటూ వెళ్లినప్పుడు మాత్రం ఏ ఛైర్మనూ అడ్డం రాలేదు. తూటాల వల్ల శీలం చెడదు, విల్లాల వల్ల చెడుతుంది.

ఫిన్నీ నోరెత్తలేదు. వెళ్లి మళ్లీ ఆడాడు, 1954లోనూ 1957లోనూ ఏటి మేటి ఆటగాడిగా ఎంపికయ్యాడు. మనం దాన్ని విశ్వాసం అంటున్నాం. తలుపుకి బయట తాళం వేసి, లోపలున్నవాడు గడప దాటలేదని మెచ్చుకోవడం మనకి కొత్త కాదు లెండి.

ఆయన తోటి ఆటగాళ్లలో పదిమందినీ పోషిస్తున్నవారిగా చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చని అప్పట్లో జోకు వేసుకునేవారు. డైరెక్టర్లు అంతకన్నా లోతుగా ఆలోచించి ఆదాయమే తగ్గించారు. కప్పుల బరువు కూడా పడనివ్వలేదు: 1953లో ప్రెస్టన్ ఆర్సెనల్‌ క్లబ్బుతో సమానంగా 54 పాయింట్లు తెచ్చుకున్నా గోల్ సగటులో, అంటే వేసిన గోల్స్‌ని తిన్న గోల్స్‌తో భాగించే లెక్కలో, లీగ్ పోయింది, 1954లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ పోయింది.

దొంగలు ఎక్కడైనా ఉంటారు. సండర్లాండ్ క్లబ్బు చాటుగా ఆటగాళ్లకి ఎక్కువ డబ్బు ముట్టజెప్పి 1957లో 5,000 పౌండ్ల జరిమానా కట్టింది. పనివాడికి పని విలువ ఇవ్వడమనే నేరానికి ఇంత కఠిన శిక్ష పడిన సందర్భాలు అరుదు.

కానీ కలికాలం ఆగుతుందా? ఫిన్నీ 1960లో రిటైరయ్యాడు. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకి సిద్ధమయ్యేసరికి 1961 జనవరిలో గరిష్ఠ జీతం ఎత్తేశారు. ఫుల్‌హామ్ క్లబ్బు ఆటగాడు జానీ హేన్స్‌కి వారానికి 100 పౌండ్లు ఇచ్చారు. రెండేళ్లకి జార్జ్ ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు వేసిన కేసులో కోర్టు ఆ రిజిస్ట్రేషన్ పద్ధతినీ తప్పుపట్టింది. నెలల తేడాతో ఫిన్నీ ఈ పాపపు సొమ్ము నుంచి తప్పించుకున్నాడు. ఆయన వెళ్లిన ఏడాదికే ప్రెస్టన్ పై డివిజన్ నుంచి కిందికి జారింది, ఇప్పటిదాకా ఎక్కలేదు. దాన్ని డైరెక్టర్లకి అంటగట్టడం భావ్యం కాదు. వాళ్లు ఉన్న ఆటగాణ్ణి పట్టి ఉంచడంలో నిపుణులు, లేని ఆటగాణ్ణి ఎలా పట్టుకుంటారు?

1998లో ఫిన్నీ సర్ అయ్యాడు. ప్రెస్టన్ క్లబ్బు సొంత మైదానం డీప్‌డేల్‌లో ఆయన పేరుతో స్టాండు ఉంది. బయట 2004లో విగ్రహం పెట్టారు, 1956లో నీళ్లు నిలిచిన పిచ్ మీద ఆయన జారుతూ పోయిన ఫొటో చూసి చేసింది. చుట్టూ నీళ్లు చిమ్మే ఏర్పాటుంది, ప్లంబర్ కదా. ఆటగాడికి ఇన్ని చేసి, ఆయన్ని ఆయనగా నిలబెట్టిన ఛైర్మన్‌కి ఒక్క రాయి కూడా పాతకపోవడం ఘోరం. ప్రెస్టన్ పౌరులు వెంటనే చందాలు వేసుకుని ఒక కంచు విగ్రహం నిలపాలి. ఒక చేత్తో పలెర్మో ఉత్తరం మడుస్తూ, రెండో చేయి జేబు మీద ఆనించి ఉంటే పోలిక కుదురుతుంది. శిల్పి ఎంత పేరున్నవాడైనా వారానికి 20 పౌండ్లు మించి ఇవ్వొద్దు. వేసవిలో అయితే 17.