కాలేజీ అమ్మాయిలకు ‘జాగ్రత్తలు’ చెప్పే ఆ మెసేజ్‌కు జవాబు

కొత్త విద్యా సంవత్సరం మొదలైందంటే చాలు, ‘కాలేజీలో, హాస్టల్లో చేరే ప్రతి ఆడపిల్లా చదవాల్సిన జాగ్రత్తలు’ అనే మెసేజ్ ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమవుతుంది. పేరు చెప్పని ఒక పోలీసు అధికారి రాసినట్టుగా ప్రచారంలో ఉన్న ఈ మెసేజ్‌ను ఈ ఏడాది నాకు పంపినవారిలో బంధువులు, పాత సహాధ్యాయులే కాక, పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవారూ ఉన్నారు. అందరూ మంచి ఉద్దేశంతోనే పంపారని తెలుసు కనుకనే ఊరుకోలేకపోతున్నాను. లైంగిక దాడుల గురించి అవగాహన పెంచుతున్నామంటూ అది చెప్పే మాటల్లో కొన్ని అబద్ధాలు, కొన్ని పనికిరానివి, ఒకటి మాత్రం దాడికి గురైన మనిషికి నేరుగా కీడు చేసేది.

చిన్నవాటిని ముందు ముగిస్తాను. జడ పట్టుకుని లాగడం సులువు కనుక పోనీటెయిల్ వేసుకోకూడదన్న సలహా ఇతర దేశాల ఈమెయిళ్లలో ఎన్నో ఏళ్లు తిరిగి, మన భాషలోకి దిగుమతి అయిన పుకారు. దానికి ఆధారం ఏదీ లేదు. ఒళ్లు కప్పే దుస్తులు వేసుకుంటే దాడి జరగదన్న మాట విషయంలో, ఒళ్లంతా కప్పుకున్నవారి మీదా, పసిపిల్లల మీదా, వృద్ధుల మీదా దాడులు జరుగుతున్న దేశంలో ఆ వాక్యం రాసినవారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ‘సెక్షన్ 233 ప్రకారం దాడి చేసినవాడిని చంపే హక్కు అమ్మాయికి ఉంది, కేసు ఉండదు’ అన్నది శుద్ధ అబద్ధం. పాత భారత శిక్షాస్మృతిలో 233వ సెక్షన్ దొంగ నాణేల తయారీకి వాడే పనిముట్లకు సంబంధించినది. ఆత్మరక్షణ హక్కును చెప్పినది 100వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 38వది. అత్యాచారం చేసే ఉద్దేశంతో జరిగే దాడిని ఎదుర్కొనే సందర్భంలో ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుందన్న మాట నిజమే కానీ, కేసే ఉండదని, విచారణే జరగదని చట్టం ఎక్కడా చెప్పలేదు.

ఇక ‘చీకటి పడ్డాక బయటికి వెళ్లవద్దు, అపరిచితులతో మాట్లాడవద్దు’ అన్న సలహా. వినడానికి ఇందులో తప్పేమీ కనిపించదు. అయితే జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రచురించే లెక్కల్లో, నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. క్యాంపస్‌లో ఆ తెలిసినవాడు ఎవరై ఉంటాడు? ల్యాబ్‌లో పక్క బెంచీ విద్యార్థి, నోట్సు ఇచ్చిన సీనియర్, ప్రేమించానన్నవాడు, మార్కులు చేతిలో ఉన్న గైడు, ఆటలు నేర్పే కోచ్. ప్రమాదం గది లోపల ఉన్నప్పుడు రోడ్డు వైపు చూడమని చెప్పే సలహా రక్షణ ఎలా అవుతుంది? ఈ సలహాను యాజమాన్యాలు అమలు చేసే తీరు కూడా మనకు తెలిసిందే: అమ్మాయిల హాస్టల్ గేటుకు ముందుగా తాళం పడుతుంది, లైబ్రరీ, ల్యాబ్ సమయాలు వారికి తగ్గిపోతాయి, అబ్బాయిల గేటు మాత్రం తెరిచే ఉంటుంది.

అసలు బాధ ఆరో అంశంతో. దాన్ని ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను: ‘నిజంగా ఇష్టం లేని అమ్మాయి అరుస్తుంది, రక్కుతుంది, కొరుకుతుంది. ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే. నెలల తర్వాత బయటపెట్టిందంటే అందులో ఏదో మతలబు ఉన్నట్టే.’

తీవ్రమైన భయం కమ్ముకున్నప్పుడు మనిషి తిరగబడటమో పారిపోవడమో మాత్రమే చేస్తాడనుకోవడం పొరపాటు. శరీరం కొయ్యబారిపోవడం కూడా అంతే సహజమైన ప్రతిస్పందన. చెయ్యి లేవదు, గొంతు పెగలదు, జరుగుతున్నది తెలుస్తూనే ఉంటుంది కానీ ఒంట్లో ఏ భాగమూ మాట వినదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితులకు చికిత్స చేసే అత్యవసర కేంద్రానికి వచ్చిన 298 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. దాడి సమయంలో చెప్పుకోదగ్గ స్థాయిలో ఇలా కొయ్యబారిపోయామని చెప్పినవారు వారిలో 70 శాతం. అతి తీవ్రస్థాయిలో అనుభవించినవారు 48 శాతం. ఆరు నెలల తర్వాత చూస్తే, అలా కొయ్యబారిపోయినవారిలోనే మానసిక ఆఘాత రుగ్మత, తీవ్రమైన కుంగుబాటు ఎక్కువగా కనిపించాయి. అంటే ఈ మెసేజ్ ఎవరినైతే ‘ఒప్పుకున్నవారు’ అంటున్నదో, అందరికంటే ఎక్కువ గాయపడినవారు వారే.

ఈ వాక్యం ఏం చేస్తుందో దగ్గరగా చూడండి. ఒక అమ్మాయి ఈ మెసేజ్‌ను కాలేజీలో చేరిన రోజే కుటుంబ గ్రూపులో చదివి ఉంటుంది. కొన్ని నెలల తర్వాత, తనకు బాగా తెలిసిన ఒక సహవిద్యార్థి గదిలో, ఆమె ‘వద్దు’ అని ఒకసారి అని, ఆ తర్వాత కదలలేకపోతుంది. మర్నాడు పొద్దున అతడు ఏమీ జరగనట్టు ‘రికార్డు తెచ్చుకుంటున్నావా?’ అని మెసేజ్ పెడతాడు. ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు బృందం కనుక, ఏం చేయాలో తోచక ఆమె ‘సరే’ అని జవాబిస్తుంది. ఆ ‘సరే’నే రేపు అందరూ ఆమె ముందు పెడతారు. కానీ అంతకంటే ముందే, ఎవరూ ఏమీ అడగకముందే, ‘ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే’ అని తనవాళ్లే పంపిన వాక్యం ఆమెకు గుర్తొస్తుంది. తప్పు తనదేనన్న తీర్పు ఆమె తనకు తానే ఇచ్చుకుంటుంది. నెలల పాటు నోరు విప్పదు. నోరు విప్పిన రోజున, ఆలస్యంగా చెప్పింది కనుక మతలబు ఉందంటారు. నోరు నొక్కినవారే ఎందుకు మాట్లాడలేదని నిలదీయడం ఎంత న్యాయంగా ఉందో ఈ మెసేజ్ పంపేవారు ఒక్క నిమిషం ఆలోచించాలి. అరవకపోవడమే అంగీకారమైతే, మెడ మీద కత్తి పెట్టినప్పుడు నోరెత్తకుండా గొలుసు తీసి ఇచ్చిన మనిషి దాన్ని దొంగకు దానం చేసినట్టే లెక్క!

చట్టం ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చింది. 2013 సవరణతో శిక్షాస్మృతిలోకి వచ్చి, ఇప్పుడు న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో కొనసాగుతున్న వివరణ ప్రకారం అంగీకారం అంటే మాటతోనో సైగతోనో మరో రకంగానో స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపే సమ్మతి. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతించినట్టు భావించరాదని అక్కడే రాసి ఉంది. మత్తులో ఉండి, తాను ఒప్పుకుంటున్నది ఏమిటో, దాని పర్యవసానం ఏమిటో అర్థం చేసుకోలేని స్థితిలో చెప్పిన ‘సరే’ కూడా చెల్లదు. ఆలస్యం మాటకొస్తే, అత్యాచారంపై పోలీసులకు ఫిర్యాదు చేయడానికి కాలపరిమితి లేదు. బాధితురాలు, ఆమె కుటుంబం పోలీసుల దగ్గరికి వెళ్లడానికి వెనుకాడటం సహజమని సుప్రీంకోర్టు 1996లోనే, గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది.

త్వరగా చెప్పడం వల్ల మేలు ఉన్నమాట నిజం, అది ఆరోగ్యానికీ ఆధారాలకూ సంబంధించిన మేలు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి. గర్భనిరోధక అత్యవసర మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, అయిదు రోజుల వరకూ ప్రయోజనం ఉంటుంది. వీలైతే స్నానం చేయకముందే ఆసుపత్రికి వెళ్లడం, అప్పటి బట్టలను ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టి ఉంచడం అవసరం. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా చికిత్స చేయాల్సిందే, కాదంటే అది నేరం. ఇన్ని పంక్తుల మెసేజ్‌లో ఇందులో ఒక్క ముక్క లేదు; పోనీటెయిల్‌కు మాత్రం చోటు దొరికింది.

ఆత్మరక్షణ శిక్షణ తీసుకోమన్న ఏడో అంశాన్ని కూడా నేను కొట్టిపారేస్తానని మీరు అనుకోవచ్చు. భారమంతా అమ్మాయిల మీదే వేసే ఏ సలహా నాకు నచ్చదు, అయినా ఇక్కడ ఆధారాలు ఆ మెసేజ్ పక్షానే ఉన్నాయని ఒప్పుకోవాలి. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదివే సుమారు 900 మంది విద్యార్థినులతో షార్లీన్ సెన్ బృందం చేసిన పరిశోధన ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి. 12 గంటల శిక్షణ పొందినవారిలో ఏడాది లోపు అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం కాగా, కేవలం కరపత్రాలు అందుకున్నవారిలో 9.8 శాతం. దాదాపు సగానికి తగ్గడం చిన్న విషయం కాదు. కానీ ఆ శిక్షణలో చీకటి గురించి, అపరిచితుల గురించి భయపెట్టలేదు. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని గుర్తించడం, ‘ఏమనుకుంటాడో’ అన్న మొహమాటాన్ని దాటడం, మాటతోనూ శరీరంతోనూ ఎదిరించడం, తనకు ఏది ఇష్టమో తనే తెలుసుకోవడం నేర్పారు. పైగా, జరిగితే తప్పు చేసినవాడిదేనని మొదటి నుంచీ చెప్పారు. ఈ మెసేజ్ అటువంటి శిక్షణను ప్రచారం చేస్తే నేనే పది మందికి పంపుతాను.

అబ్బాయిలకు ఈ మెసేజ్‌లో ఒక్క వాక్యమూ లేదు. అంగీకారం అడగడం గురించి లేదు, మత్తులో ఉన్న అమ్మాయిని తోటివాడు గదికి తీసుకెళ్తుంటే మధ్యలో కల్పించుకోవడం గురించి లేదు, దాడికి గురయ్యే అబ్బాయిల గురించి అసలే లేదు. అయితే ఒక గంట ఉపన్యాసం పెట్టి చేతులు దులుపుకోవడమూ సరిపోదు. 2014లో పరిశోధకురాలు సారా డిగ్యూ, ఆమె సహచరులు లైంగిక హింస నివారణ కార్యక్రమాలపై వచ్చిన 140 మూల్యాంకనాలను పరిశీలించినప్పుడు, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పే పొట్టి తరగతులు ప్రవర్తనను మార్చినట్టు తేలలేదు.

‘ఫిర్యాదుల్లో అధికభాగం అబద్ధాలే’ అని కూడా ఆ మెసేజ్ అంటుంది. దానికి ఒకే సమాధానం: అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో పదేళ్లలో వచ్చిన 136 ఫిర్యాదులను పరిశీలిస్తే అబద్ధమని తేలినవి 8, అంటే 5.9 శాతం.

చివరి అంశం, ‘ఫిర్యాదు చేస్తే పరువు, చదువు రెండూ పోతాయి, ఇంట్లోనే సర్దుకోండి’ అన్నది. బాధితురాలి పేరు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి స్థాయి అధికారులు అందులో సభ్యులుగా ఉండకూడదు, విద్యార్థుల కేసుల్లో విద్యార్థి ప్రతినిధులు ఉండాలి. అబ్బాయిలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా బాధితులు కావచ్చని ఆ నిబంధనలు గుర్తించాయి. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. అది సాగుతుండగానే నిందితుడిని దూరంగా ఉంచమనీ, ఫిర్యాదు చేసినవారి పేపర్లు దిద్దే పని నుంచి తప్పించమనీ కమిటీ సిఫారసు చేయవచ్చు. బాధితురాలు స్వయంగా ఫిర్యాదు చేయలేని శారీరక, మానసిక స్థితిలో ఉంటే స్నేహితురాలో తోటి విద్యార్థో చేయవచ్చు.

ఇదంతా కాగితం మీద ఉన్నంత బాగా కాలేజీల్లో లేదు. ఎప్పుడో బదిలీ అయిన అధ్యాపకురాలి పేరే అధ్యక్షురాలిగా కనిపించే నోటీసు బోర్డులు నేను చూశాను. పోలీసులకు లేని గడువు ఈ కమిటీకి ఉంది: ఘటన జరిగిన మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి, సరైన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. కనుక మీ పిల్ల, అబ్బాయైనా అమ్మాయైనా, చేరిన కాలేజీలో ఆ కమిటీలో ఇప్పుడు ఎవరెవరున్నారో, ఏ గదిలో, ఏ నంబరులో దొరుకుతారో యాజమాన్యాన్ని ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి, వచ్చిన జవాబును కుటుంబ గ్రూపులో పెట్టండి.